కోతలప్పుడు వైనరీలో వాలంటీర్‌గా పని చేయొచ్చా? హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లు సరే అనే ముందు

మీరు అడిగిన సంగతి క్లుప్తంగా ఇది. మీది కాలిఫోర్నియాలోని శాన్ రమోన్, ఉద్యోగ వీసా హెచ్‌-1బీ. మీ ఆవిడ హెచ్‌-4, అంటే మీ వీసాకు అనుబంధంగా ఇచ్చేది, పని అనుమతి కార్డు (ఈఏడీ) ఇంకా రాలేదు, కొద్దిగా ఆస్తమా ఉంది. లివర్‌మోర్ వైపు ఒక చిన్న వైనరీ వాళ్లు ద్రాక్ష కోతల సీజన్‌లో శని, ఆదివారాలు వాలంటీర్లు కావాలని ప్రకటన పెట్టారు. జీతం లేదు, మధ్యాహ్నం భోజనం పెడతారు, వెళ్లేటప్పుడు రెండు వైన్ సీసాలు చేతిలో పెడతారు. ఇద్దరం వెళ్లొచ్చా, పని ఎలా ఉంటుంది, ఏం తీసుకెళ్లాలి అని మీ ప్రశ్నలు.

మొదటి ప్రశ్నకు నా జవాబు: వెళ్లొద్దు. మిగతా రెండింటికీ వివరంగా చెప్తాను. ఎందుకంటే ఇదే పనిని ఏ ఇబ్బందీ లేకుండా చేసే దారులు మీకు ఉన్నాయి, అవి ఆ ప్రకటన కంటే మంచివి కూడా. నేను సోనోమా కౌంటీ వైనరీల్లో సెల్లార్ పని, అంటే వైన్ పులియబెట్టి నిల్వ చేసే చోట పని, చేసినవాణ్ణి. మొదట సీజన్ మనిషిగా, తర్వాత సీజన్‌కు వచ్చే కొత్తవాళ్లకు పని చూపించే మనిషిగా. లాయర్ని మాత్రం కాను. వీసా విషయం మీ ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి ఖాయం చేసుకోండి.

ముందు వైనరీ వైపు నుంచి చూద్దాం. లాభం కోసం నడిచే ప్రైవేటు వ్యాపారంలో జీతం లేని వాలంటీర్ అనే మాటే చెల్లదు. ఫెడరల్ వేతన చట్టం అదే చెప్తుంది, కాలిఫోర్నియా చట్టం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. గుడిలోనో, ఫుడ్ బ్యాంక్‌లోనో సేవ చేయొచ్చు. సీసా నలభై డాలర్లకు అమ్ముకునే వ్యాపారికి ఊరికే పని చేసి పెట్టడం కుదరదు, మీరు సంతోషంగా ఒప్పుకున్నా సరే. ఇది కాగితం మీద ఉన్న నియమం మాత్రమే కాదు. మీకు కూతవేటు దూరంలో ఉన్న కాస్ట్రో వ్యాలీలో వెస్టోవర్ అనే చిన్న వైనరీకి 2014లో ఇదే కారణం మీద సుమారు 1,15,000 డాలర్ల జరిమానా పడింది. అక్కడ పని చేసినవాళ్లలో వైన్ తయారీ నేర్చుకుందామని ఇష్టపడి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అయినా లెక్కలోకి రాలేదు. ఆ దెబ్బకు అప్పట్లో బే ఏరియాలో చాలా చిన్న వైనరీలు వాలంటీర్లను మానేశాయి. కానీ ఆగస్టు వచ్చేసరికి మళ్లీ ఒకటీ అరా ప్రకటనలు కనిపిస్తూనే ఉంటాయి.

ఆ యజమాని మోసగాడని నేను అనట్లేదు. నలుగురు మనుషులతో నడిచే చోట కోతలు ఒక్కసారిగా మీద పడితే స్నేహితులను, కస్టమర్లను పిలవడం పాత అలవాటు. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. ఆ రెండు సీసాలు, భోజనం ఉన్నాయి కదా, అవి విషయాన్ని తేలిక చేయవు, ఇంకా బిగిస్తాయి. పనికి బదులుగా ఏదో ఒకటి ఇచ్చారంటే అది డబ్బు రూపంలో లేని కూలి అని చెప్పడం ఎవరికైనా సులువు. ఇక దెబ్బ తగిలితే? ఉద్యోగికైతే వర్కర్స్ కంపెన్సేషన్ ఇన్సూరెన్స్ ఉంటుంది. పేరు పుస్తకంలో లేని మనిషి వేలు నలిగితే ఆసుపత్రి బిల్లు ఎవరిదనేది అప్పుడు మొదలయ్యే గొడవ.

ఇప్పుడు మీ వైపు నుంచి. హెచ్‌-1బీ అంటే పిటిషన్ వేసిన కంపెనీకి మాత్రమే పని చేయాలి. మామూలుగా ఎవరికో జీతం ఇచ్చి చేయించుకునే పనిని మీరు ఉచితంగా చేసినా అది పనే, అనుమతి లేని పని. ‘డబ్బులు తీసుకోలేదు కదా’ అనే వాదన ఇక్కడ నిలబడదు. మీ ఆవిడకు ఈఏడీ చేతికి వచ్చేదాకా ఆవిడకూ అంతే. రేపు గ్రీన్ కార్డ్ కోసం ఐ-485 ఫారం నింపేటప్పుడు అనుమతి లేకుండా ఎప్పుడైనా పని చేశారా అని సూటిగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఒక శనివారం సరదా కోసం ఆ గడి దగ్గర పెన్ను పట్టుకుని కూర్చోవడం, ఆ టెన్షన్, అవసరమా? విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలను వెంట తీసుకెళ్లి ‘వాళ్లు కూడా రెండు గుత్తులు కోస్తారు’ అనడం ఇంకా ప్రమాదం. ఎఫ్‌-1 మీద చదువుకునే పిల్లలూ ఇదే గుర్తు పెట్టుకోవాలి.

గ్రీన్ కార్డ్, సిటిజన్‌షిప్, ఈఏడీ ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీకు చెప్పేది వేరు. వాలంటీర్ మాట వదిలేసి జీతం అడగండి. సీజన్ పనికి సెల్లార్ హ్యాండ్ అనో, హార్వెస్ట్ ఇంటర్న్ అనో పేరు పెడతారు. చిన్న వైనరీలు శని, ఆదివారాలకు మాత్రమే సార్టింగ్ టేబుల్ (కాయ ఏరే బల్ల) దగ్గరకు, బాట్లింగ్‌కు మనుషులను గంట లెక్కన తీసుకుంటాయి. 2025లో కాలిఫోర్నియా కనీస వేతనం గంటకు 16.50 డాలర్లు ఉండేది, తర్వాత పెరిగింది; కనీస వేతనం కంటే తక్కువ ఎవరూ ఇవ్వకూడదు. ఆ డబ్బు సాఫ్ట్‌వేర్ జీతం ముందు ఎంత అనకండి. జీతం ఇచ్చే మనిషికి పని నేర్పే ఓపిక ఉంటుంది, ఊరికే వచ్చినవాడి చేతికి చీపురు ఇచ్చి మర్చిపోతారు.

మరి మీ ఇద్దరికీ ఏది దారి? నన్నడిగితే లాస్ పోసిటాస్ కాలేజీ. లివర్‌మోర్‌లోనే ఉన్న కమ్యూనిటీ కాలేజీ అది. ద్రాక్ష సాగు, వైన్ తయారీ మీద కోర్సులున్నాయి, క్యాంపస్‌లోనే తోట ఉంది. విద్యార్థిగా మీరు తోటలో గుత్తి కోస్తారు, రసం పిండే ప్రెస్ దగ్గర నిలబడతారు, రసంలో చక్కెర కొలుస్తారు. అది చదువు, కూలి కాదు. హెచ్‌-1బీ మీద ఉద్యోగం చేసుకుంటూ పార్ట్‌టైమ్ చదువుకోవచ్చు, హెచ్‌-4 వాళ్లు నిక్షేపంగా చదువుకోవచ్చు. ఫీజు రెసిడెంట్ లెక్కన వేస్తారా లేదా అనేది అడ్మిషన్స్ వాళ్లను అడగండి, అక్కడ తేడా బాగానే ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: ఫాల్ సెమిస్టర్, కోతలు రెండూ ఆగస్టులోనే మొదలవుతాయి. తోటలో ద్రాక్ష రంగు మారాక చేరదామనుకుంటే క్లాసు నిండిపోతుంది. ఉత్తరాన ఉండేవాళ్లకు నాపా వ్యాలీ కాలేజీ, శాంటా రోసా జూనియర్ కాలేజీ ఉన్నాయి.

డబ్బు కట్టి పాల్గొనే కార్యక్రమాలు కూడా ఉంటాయి. ఒక గంట కోయిస్తారు, కాసేపు టేబుల్ దగ్గర నిలబెడతారు, తర్వాత మంచి భోజనం. అక్కడ మీరు కస్టమర్, కాబట్టి వీసా భయం లేదు. ఒక పూట ముచ్చటకు బాగుంటుంది, ఫొటోలు బాగా వస్తాయి. పని మాత్రం తెలియదు.

నిజంగా పని తెలియాలంటే ఇంట్లోనే చేసి చూడండి. ఫెడరల్ నియమం ప్రకారం ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి చేసుకోవచ్చు, ఒక్కరే ఉంటే 100. అమ్మకూడదు, అంతే. లోడై వైపు తోటలవాళ్లు కొందరు ఇంట్లో చేసుకునేవాళ్లకు కొద్ది మొత్తాల్లో అమ్ముతారు. వంద పౌండ్ల ద్రాక్ష తెచ్చుకుంటే ఆరేడు గ్యాలన్లు, అంటే దాదాపు ముప్పై సీసాలు వస్తాయి. గ్యారేజీలో పెద్ద ఫుడ్ గ్రేడ్ డ్రమ్ము, చక్కెర కొలిచే ఒక హైడ్రోమీటర్, ఈస్ట్ పొట్లం ఉంటే పని మొదలైనట్టే. ఒక హెచ్చరిక: వంటింటి అలవాటు కొద్దీ డ్రమ్మును బ్లీచ్‌తో కడగొద్దు. క్లోరిన్, ఎక్కడో దాగిన బూజు కలిస్తే టీసీఏ అనే పదార్థం పుడుతుంది. దాని వాసన తడిసిన అట్టపెట్టె వాసన, వైన్‌లో చేరిందంటే ఇక పోదు. అందుకే వైనరీల్లో బ్లీచ్ సీసా గుమ్మం దాటనివ్వరు.

జనవరిలో ఇండియా వెళ్లే పని ఉంటే నాసిక్ కూడా చూడండి. ఇక్కడ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కోతలైతే అక్కడ జనవరి నుంచి మార్చి దాకా. మన వాతావరణంలో తీగకు శీతాకాలపు నిద్ర ఉండదు కాబట్టి ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఏప్రిల్‌లో కొట్టేది కొత్త కొమ్మల కోసం, అక్టోబరులో కొట్టేది కాయ కోసం. హైదరాబాద్ చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పందిళ్లు చూసిన పెద్దవాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. నాసిక్‌లో సులా వైనరీ లాంటి చోట్ల సీజన్‌లో సందర్శకులతో ద్రాక్ష తొక్కిస్తారు. అది వినోదమే అనుకోండి, కానీ తోట చూడొచ్చు, సొంత దేశంలో వీసా గొడవా లేదు.

ఇక పని సంగతి. కాలేజీ తోటలో చేసినా, రేపు ఈఏడీ వచ్చాక జీతానికి చేసినా, మీకు ఎదురయ్యేది ఇదే.

చాలామంది ఊహలో కోతలంటే టోపీ పెట్టుకుని, ఎండలో, బుట్టలో గుత్తులు వేసుకోవడం. అసలు కోత ఎక్కువ చోట్ల రాత్రి జరుగుతుంది. ట్రాక్టర్ల మీద లైట్లు, మనుషుల నుదుటి మీద లైట్లు. రాత్రి ఒంటిగంటకో రెండింటికో మొదలుపెట్టి ఎండెక్కేసరికి ముగిస్తారు. కాయ చల్లగా గట్టిగా ఉంటుంది, దారిలో చిట్లి తనంతట తాను పులియదు, వైనరీలో చల్లబరచడానికి కరెంటు ఖర్చు తగ్గుతుంది, మనుషులకు ఎండదెబ్బ ఉండదు. కోసేవాళ్లు ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలవాళ్లు, ఏళ్ల తరబడి ఇదే పని చేసినవాళ్లు. వంగిన చిన్న కత్తితో కోస్తూ, తొట్టి నిండగానే ఎత్తుకుని ట్రాక్టర్ దగ్గరికి పరుగెడతారు. ఆ వేగం ముందు మనలాంటివాళ్లు అడ్డమే. అందుకే కొత్తవాళ్లకు ఇచ్చే వరస పగటిపూటది, చిన్నది. అక్కడ కూడా తెగేది ఎడమచేతి వేళ్లే. ఆకు చాటున గుత్తిని ఎక్కడ పట్టుకున్నామో కనిపించదు. ముందు ఆకు తీసేసి, వేళ్లు గుత్తి కిందికి పెట్టి, కాడను చూసి కోయండి. కత్తెర ఇస్తే కత్తెరే తీసుకోండి.

కాయ నోట్లో వేసుకుంటే ఆశ్చర్యపోతారు. బజారు ద్రాక్షకు దీనికి పోలిక లేదు. చిన్న కాయ, మందం తొక్క, నిండా గింజలు, తీపి మాత్రం అంతకంటే చాలా ఎక్కువ. ఎర్ర వైన్‌కు కోసేటప్పటికి బ్రిక్స్ 24, 25 ఉంటుంది, అంటే వంద గ్రాముల రసంలో దాదాపు 24 గ్రాముల చక్కెర. అది పులిసి 14 శాతం దగ్గర ఆల్కహాల్ అవుతుంది.

తోట నుంచి అర టన్ను పట్టే బిన్‌లలో కాయ వస్తుంది. ఫోర్క్‌లిఫ్ట్ దాన్ని ఎత్తి సార్టింగ్ టేబుల్ మీద ఒంపుతుంది. ఫోర్క్‌లిఫ్ట్‌కు సర్టిఫికెట్ ఉండాలి, ‘ఒకసారి నడిపి చూస్తా’ అనేది అక్కడ జోక్‌గా కూడా అనొద్దు. అది కదులుతున్నప్పుడు డ్రైవర్ కళ్లలోకి చూసి, అతను తల ఊపాకే దాని ముందు నుంచి దాటాలి. టేబుల్ అదురుతూ కాయను ముందుకు నెడుతుంటుంది. ఆకులు, ఎండి ముడుచుకున్న గుత్తులు, బూజు పట్టినవి, వెనిగర్ వాసన కొట్టేవి ఏరి పారేయాలి. చెవిపురుగులు, సాలీళ్లు వస్తాయి, అప్పుడప్పుడూ బల్లి కూడా. పని తేలిక. కానీ ఓ అరగంటకు ఒక చిత్రం జరుగుతుంది: టేబుల్ ఆగిపోయినట్టు, మీరే పక్కకు జరిగిపోతున్నట్టు అనిపిస్తుంది. కొందరికి కడుపులో తిప్పుతుంది. తల ఎత్తి దూరంగా ఉన్న కొండనో చెట్టునో పది సెకన్లు చూస్తే సర్దుకుంటుంది. టేబుల్‌కు ఎదురు కొసలో నిలబడే పాతవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ మాటిమాటికీ తలలు ఎత్తేది ఊరికే కాదు, కారణం ఇదే.

అక్కడి నుంచి తెల్ల ద్రాక్ష అయితే నేరుగా ప్రెస్‌లోకి, ఎర్రదైతే కాడలు విడదీసే మెషీన్‌లోకి, తర్వాత తొక్కలతో సహా ట్యాంకులోకి. రంగు, వగరు అంతా తొక్కలోనే ఉంటుంది కాబట్టి ఎర్ర వైన్ తొక్కల మీదే పులియాలి. పులియడం మొదలవగానే గ్యాస్ తొక్కలను పైకి నెట్టేసి అడుగున్నర మందాన గట్టి కప్పు కడుతుంది. దాన్ని రోజుకు రెండు మూడుసార్లు కిందికి తొక్కాలి. ఆవకాయ మూడో రోజు తిరగకలిపే పనే ఇది: పైకి తేలిన ముక్క రసంలో మునగకపోతే పాడవుతుంది. కాకపోతే ఇక్కడ జాడీ టన్ను బరువు, గరిటె మనిషి పొడవు. మొదటి రోజు కప్పు మీద కర్ర ఆనించి ఒంటి బరువంతా వేసినా కదలదు. మధ్యలో కుస్తీ పట్టకుండా అంచు నుంచి ఒక బెత్తెడు మేర చీల్చి, అక్కడి నుంచి కొద్దికొద్దిగా ముంచుతూ రావాలి. చీల్చిన చోటు నుంచి వెచ్చటి గాలి బుస్సుమని మొహం మీదికి కొడుతుంది.

ఆ గాలి గురించి ఆగి చెప్పాలి, ఈ మొత్తంలో నేను మీరు గుర్తుంచుకోవాలని కోరేది ఇదొక్కటే. అది కార్బన్ డయాక్సైడ్. లీటరు రసం పులిస్తే యాభై లీటర్లకు పైగా గ్యాస్ వస్తుంది. గాలి కంటే బరువు కాబట్టి ట్యాంకు పైభాగంలో, గుంటల్లో, నేల మీద పేరుకుంటుంది. తల ట్యాంకులోకి వంచి వాసన చూడొద్దు. ముక్కు మండినట్టు, తల తిరిగినట్టు అనిపిస్తే కర్ర అక్కడే వదిలేసి బయటికి నడవండి, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. పులిసిన వైన్ దించేశాక ట్యాంకు అడుగున మిగిలిన పిప్పిని పారతో తవ్వి తీసే పని ఉంటుంది. ట్యాంకు ఖాళీగా, తలుపు తెరిచి, అమాయకంగా కనిపిస్తుంది. దాని లోపలికి శిక్షణ, గ్యాస్ మీటర్, ఫ్యాన్, బయట కాపలా మనిషి లేకుండా ఎవరూ వెళ్లకూడదు. కొవ్వొత్తి వెలుగుతోందిగా, వెళ్లొచ్చు అనే పాత పద్ధతిని నమ్మొద్దు. మన ఊళ్లలో పాడుబడ్డ బావిలోకి, సెప్టిక్ ట్యాంకులోకి ఒకరు దిగి పడిపోతే, కాపాడదామని దిగిన రెండో మనిషి, మూడో మనిషి కూడా పోయిన వార్తలు చదివే ఉంటారు. వైన్ దేశాల్లో చావులు అచ్చం అలాగే జరుగుతాయి. లోపల ఎవరైనా పడిపోతే దిగకండి, కేక వేసి 911కు ఫోన్ చేయండి.

ఇంట్లో డ్రమ్ముకు ఇంత భయం లేదు, అయినా గ్యారేజీ తలుపు కొద్దిగా ఎత్తి ఉంచండి.

మిగతా పనంతా ఏమిటంటారా? కడగడం. బిన్ కడగడం, హోస్ కడగడం, పంప్ కడగడం, టేబుల్ కడగడం, నేల కడగడం, మళ్లీ వాడే ముందు వాటినే మళ్లీ కడగడం. పది గంటల రోజులో ఆరేడు గంటలు చేతిలో నీళ్ల పైపే ఉంటుంది. నాకు ఈ పనిలో నచ్చిందీ అదే, చాలామంది మొదటి వారంలో మానేసేదీ ఇందుకే. ట్యాంకుకు ముందు సోడియం పెర్‌కార్బొనేట్ కలిపిన నీళ్లు తిప్పుతారు, అది క్షారం, రంగు మరకలను కరిగిస్తుంది. తర్వాత సిట్రిక్ యాసిడ్ నీళ్లు, ఆ క్షారాన్ని చంపడానికి. ఆఖరున మామూలు నీళ్లు. ఈ వరస తప్పకూడదు. రెండింటికీ కళ్లజోడు, చేతి తొడుగులు తప్పనిసరి. అన్నిటికంటే మొండిది ప్రెస్. డ్రమ్ము లోపల సన్నటి గాడుల్లో తొక్కలు ఇరుక్కుంటాయి, ఒక్కొక్కటీ గోరుతో గిల్లినట్టు తీయాలి. లోపలికి చెయ్యి పెట్టే ముందు కరెంటు ఆపి, స్విచ్‌కు తాళం వేసి, తాళంచెవి మీ జేబులో ఉండాలి. ఇంకొకరి జేబులో కాదు.

చేతులు మూడో రోజుకు నల్లబడతాయి. సబ్బుతో రుద్దితే ఇంకా నీలిగా, నల్లగా అవుతాయి, ఎందుకంటే ద్రాక్ష రంగు పులుపులో ఎర్రగా, క్షారంలో నీలంగా మారుతుంది. ముందు నిమ్మచెక్కతో రుద్దండి, తర్వాత సబ్బు. ఆఫీసులో సోమవారం ఎవరైనా చూసి అడిగితే చెప్పుకోడానికి ఒక కథ ఉంటుంది.

ఏం తీసుకెళ్లాలంటే: మోకాలి కింద దాకా వచ్చే రబ్బరు బూట్లు, ముందు భాగం ఉక్కుది అయితే మేలు. రెండు జతల మందం సాక్సులు. కారులో పూర్తి జత బట్టలు, తువ్వాలు. తెల్లవారుజామున స్వెటర్ కావాలి, మధ్యాహ్నానికి బనీనుతో ఉంటే చాలనిపిస్తుంది, కాబట్టి ఒకదాని మీద ఒకటి వేసుకోండి. ఉంగరాలు, గాజులు ఇంట్లోనే. మీ ఆవిడ నల్లపూసలు తీయనంటే గొలుసు పొట్టిగా, చొక్కా గుండీల లోపల ఉండాలి, కన్వేయర్ బెల్టులకు మెడలో వేలాడేదంటే చాలా ఇష్టం. సెంటు పూసుకోకూడదు, వైన్‌మేకర్ పనంతా ముక్కుతోనే. కందిరీగలు పిప్పి కుప్ప చుట్టూ వందల్లో ఉంటాయి. తాగే గ్లాసు మీద మూత పెట్టుకోండి, కుడితే అలర్జీ ఉన్నవాళ్లు మందు దగ్గర ఉంచుకోండి.

తిండి గురించి అడగలేదు కానీ అడగాల్సింది. కోతలప్పుడు భోజనం అంటే చాలా చోట్ల మాంసం టాకోలు. శాకాహారులు డబ్బా తీసుకెళ్లండి. పెరుగన్నాన్ని మించింది లేదు: చల్లగా దిగుతుంది, మధ్యాహ్నం నిద్ర వస్తుందేమో అనుకుంటారు గానీ చేతిలో నీళ్ల పైపు ఉంటే రాదు. బయట పనికి కాలిఫోర్నియా నియమం మనిషికి గంటకు ఒక క్వార్ట్, అంటే సుమారు లీటరు నీళ్లు అందుబాటులో ఉండాలంటుంది. 80 ఫారెన్‌హీట్ దాటితే నీడ ఏర్పాటు ఉండాలి. అది మీ హక్కు, మొహమాట పడొద్దు. పొగ రోజులు కూడా వస్తాయి. 2017 అక్టోబరులో టబ్స్ అనే కార్చిచ్చు, 2020లో గ్లాస్ అనే కార్చిచ్చు సరిగ్గా సీజన్ మధ్యలో వచ్చాయి. పొగలో గాలి నాణ్యత సూచిక (ఏక్యూఐ) 151కి చేరితే బయట పని చేసేవాళ్లకు యజమాని ఎన్‌95 మాస్కులు ఇవ్వాలి.

తాగడం గురించి కూడా ఒక మాట. లివర్‌మోర్ గుడికి వెళ్లే పెద్దవాళ్లు ‘ఆ ఊళ్లోనే సారా కాస్తారా’ అని నన్ను అడిగిన సందర్భాలున్నాయి. కాయడం కాదు పులియబెట్టడం అని చెప్పినా వాళ్ల మొహాల్లో పెద్ద మార్పు రాదు. నిజానికి సీజన్‌లో పని చేసేవాళ్లు తాగేది చాలా తక్కువ. రుచి చూస్తారు, డ్రెయిన్‌లో ఉమ్మేస్తారు. మందు ముట్టనివాళ్లు కూడా ఈ పని బ్రహ్మాండంగా చేయొచ్చు. నాకు తెలిసిన మంచి సెల్లార్ మనుషుల్లో అలాంటివాళ్లు ఉన్నారు. అసలు ప్రమాదం ఇంటికెళ్లే దారిలో ఉంది: తెల్లవారుజామున లేచి సాయంత్రం 580 హైవే మీద కారు నడుపుతుంటే వైన్ లేకుండానే కళ్లు మూతలు పడతాయి. ఇద్దరూ వెళ్లిన రోజు ఒకరు ఆఖరి గంట కూర్చుని సేదతీరండి, ఆ మనిషే స్టీరింగ్ పట్టుకోవాలి.

చివరగా మీ ఆవిడ ఆస్తమా. వైనరీలో సల్ఫర్ డయాక్సైడ్ వాడకం తప్పదు. పొటాషియం మెటాబైసల్ఫైట్ పొడిని నీళ్లలో కలిపి కాయ మీద, రసంలో, బ్యారెల్స్‌లో వాడతారు. ఆ పొడి డబ్బా మూత తీయగానే వచ్చే ఘాటు మామూలు మనిషికే దగ్గు తెప్పిస్తుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు ఆయాసం తెప్పించగలదు. కాలేజీలో చేరితే మొదటి రోజే ఇన్‌స్ట్రక్టర్‌కు చెప్పమనండి. ఆ పొడి కలిపేటప్పుడు, బ్యారెల్స్‌కు సల్ఫర్ పట్టేటప్పుడు ఆవిడను వేరే పనికి పంపుతారు, ఎవరూ వింతగా చూడరు. ఇంట్లో చేసేటప్పుడు ఆ పొడి మీరే కలపండి, గ్యారేజీ బయట, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడి. ఇన్‌హేలర్ ఆవిడ జేబులో ఉండాలి, కారులో కాదు. డాక్టర్ వద్దంటే తోట పని, సార్టింగ్ టేబుల్ ఆవిడకు, సెల్లార్ మీకు. తోటలో కూడా ఒకటి అడిగి తెలుసుకోండి: బూడిద తెగులుకు గంధకం పొడి చల్లుతారు, ఆఖరిసారి ఎప్పుడు చల్లారో బోర్డు మీద రాసి ఉంటుంది, లేకపోతే ఇన్‌స్ట్రక్టర్‌కు తెలుస్తుంది.